తాతగారి పెన్ను వయసెంత?

పార్కర్ పెన్ను తన పుట్టిన తేదీని ఒంటి మీదే మోస్తుంది. రాజమండ్రి పెన్నుకు ఆ అలవాటు లేదు. పాత ఫౌంటెన్ పెన్నులు సేకరించేవారికి అసలు పరీక్ష అక్కడే.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని పక్కనే ఉంటుంది సోనారి. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో ఉన్నాయి. సోనారిలో అలాంటి ఓ ఇంట్లో పాత బీరువా ఖాళీ చేస్తుంటే మూడు పెన్నులు బయటపడ్డాయనుకుందాం. మొదటిది లావుపాటి నల్ల పెన్ను, బంగారు రంగు పాళీ. రెండోది మెరూన్ రంగు పెన్ను, స్టీలు మూత. పాళీ దాదాపు కనపడదు, కొస మాత్రమే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మూడోదానికి పక్కన చిన్న మీట, విరిగిన క్లిప్పు. వాటితోపాటు ఇంట్లో మూడు కథలు కూడా ఉంటాయి. నల్లది గాంధీజీకి పంపిన రకం రత్నం పెన్ను. మెరూన్‌ది తాతగారు రిటైరైన రోజున ఇచ్చిన పార్కర్. మీట పెన్ను ఎవరో ఇంగ్లీషు దొర ఇచ్చి వెళ్లింది.

ఈ కథల్లో అబద్ధం ఉండాలనేమీ లేదు. కానీ కథకు వయసు పెరిగేకొద్దీ పెన్నుకూ వయసు పెరిగిపోతుంటుంది. తాత జేబులో ఉన్నది ముత్తాతది అవుతుంది. రాజమండ్రిలో కొన్నది గాంధీజీ కాలం నాటిది అవుతుంది. పాత పెన్నుల బజారులో ధర పలికేది చాలావరకు ఈ కథకే కాబట్టి దాన్ని సరిదిద్దాల్సిన అవసరం అమ్మేవారికి కనపడదు. కొనేవారికి మాత్రం ఆధారం కావాలి. అది పెన్నులో ఎంత దొరుకుతుంది, పెన్ను బయట ఎంత వెతకాలి అన్నదే ప్రశ్న. విచిత్రమేమిటంటే అమెరికాలో తయారైన పెన్ను విషయంలో దొరికినంత సులువుగా గోదావరి ఒడ్డున తయారైన పెన్ను విషయంలో ఆధారం దొరకదు.

కడిగితే పోయేది మురికి కాదు

పాత పెన్ను దొరకగానే మన ఇళ్లలో చేసే మొదటి పని దాన్ని రాత్రంతా వేణ్నీళ్లలో నానబెట్టడం. రెండో పని తళతళలాడేదాకా బ్రాసోతో తోమడం. కలెక్టర్ల గుండె జారిపోయేది ఈ రెంటితోనే.

20వ శతాబ్దపు మొదటి దశాబ్దాల్లో పెన్నుల గొట్టాలు ఎక్కువగా ఎబొనైట్‌తో చేసేవారు. రబ్బరుకు గంధకం దండిగా కలిపి వేడిచేసి గట్టిపరచిన పదార్థమిది. ఏళ్ల తరబడి వెలుతురు తగిలిన నల్ల ఎబొనైట్ గోధుమ రంగులోకో, పాచి రంగులోకో తిరుగుతుంది. వెలిసిన ఆ పైపొర నీళ్లలో నానితే రంగు ఇంకా పాడవుతుంది. పాల నుంచి తీసిన ప్రొటీన్‌తో చేసే కేసీన్ పెన్నులది మరీ సున్నితమైన ప్రాణం. నీరు పీల్చి ఉబ్బుతాయి, ఆరాక పగులుతాయి. ఇక 1920ల నుంచి రంగురంగుల పెన్నులకు వాడిన సెల్యులాయిడ్ నీళ్లకన్నా నిప్పుకు భయపడాలి. అది ఇట్టే అంటుకుంటుంది. ప్లాస్టిక్ ఏ రకమో తెలుసుకోవడానికి కాల్చిన సూది గుచ్చి చూడటం పాత చిట్కా. ఇందులో పెన్నుకు చిల్లి పడటం ఖాయం, ఒక్కోసారి చేయీ కాలుతుంది.

అంతకన్నా సులువైనది బొటనవేలు. గొట్టాన్ని వేలితో గట్టిగా రుద్ది, వెచ్చబడగానే వాసన చూస్తే సరిపోతుంది. గంధకం వాసన వస్తే ఎబొనైట్. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, ఎందుకంటే దాని తయారీలో కర్పూరం కలుస్తుంది. ఏ వాసనా రాకపోతే చాలావరకు అక్రిలిక్‌లాంటి తర్వాతి కాలపు ప్లాస్టిక్. అక్రిలిక్ పెన్నును 'పాత సెల్యులాయిడ్' అంటూ అమ్మేవారిని పట్టుకోవడానికి దీన్ని మించిన పరికరం లేదు.

బ్రాసో చేసే నష్టం వేరు. అది పూతను తినేస్తుంది, గొట్టం మీద అచ్చొత్తిన అక్షరాలనూ అరగదీస్తుంది. కంపెనీ పేరు, ఊరు, పేటెంటు, నంబరు అన్నీ ఉండేది ఆ అక్షరాల్లోనే. గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు వెలుగును గొట్టం మీద ఏటవాలుగా వేసి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తే, మామూలు వెలుతురులో కనపడని గీతలు కూడా పైకి తేలతాయి. కాస్త సుద్దపొడి అద్దితే మరీ మంచిది. మెరిసిపోతూ అక్షరాలు లేని పెన్ను కన్నా మసకబారినా పేరు చదవడానికి వీలయ్యే పెన్నుకే కలెక్టరు ఎక్కువ ఇస్తాడు.

పార్కర్ పక్కన చైనా నీడ

సోనారి మెరూన్ పెన్నుతో మొదలుపెట్టడం తేలిక. పాళీని ముసుగులో దాచిన ఈ ఆకారం 1941లో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చిన 'పార్కర్ 51'ది. అక్రిలిక్ గొట్టం, బాణం క్లిప్పు, స్క్రూ లేకుండా లాగితే వచ్చే మూత. 1948 దాకా దీనిలో వ్యాక్యుమాటిక్ పద్ధతి ఉండేది. గొట్టం చివరి చిన్న మూత తీసి లోపలి మీటను పదేపదే నొక్కితే సిరా ఎక్కేది. 1948 నుంచి ఏరోమెట్రిక్ వచ్చింది. గొట్టం విప్పితే లోపల లోహపు తొడుగు, దాని మధ్య నొక్కడానికి ఓ పట్టీ.

ఈ రెండు పద్ధతులూ తెలిస్తే పార్కర్ తేదీ చదవడం లెక్క చేసినట్టే ఉంటుంది. 1930ల చివరి నుంచి అమెరికాలోని జేన్స్‌విల్ కర్మాగారం పెన్ను మీద ఒక అంకె, దాని పక్కన చుక్కలు వేసేది. అంకె సంవత్సరంలోని చివరిది. మూడు చుక్కలుంటే ఆ ఏడాది తొలి మూడు నెలలు, రెండుంటే ఆ తర్వాతి మూడు, ఒకటుంటే మూడో భాగం, ఏమీ లేకపోతే చివరి భాగం. ఒంటరిగా '1' కనపడితే అది 1941 కావచ్చు, 1951 కావచ్చు. లోపల వ్యాక్యుమాటిక్ ఉంటే మొదటిది, ఏరోమెట్రిక్ ఉంటే రెండోది. ఏ దశాబ్దమో సిరా నింపే పద్ధతి చెబుతుంది, ఏ ఏడాదో అంకె చెబుతుంది. రెండూ పొసగకపోతే ఎవరో రెండు పెన్నుల భాగాలు కలిపారని అర్థం. 1980 నుంచి పార్కర్ అంకెలకు బదులు 'క్వాలిటీ పెన్' అనే మాటలోని పది ఇంగ్లీషు అక్షరాలను 0 నుంచి 9 వరకు వాడింది. క్యూ అంటే 0, యు అంటే 1, చివరి ఎన్ అంటే 9. అదేదో రహస్య లిపి అనుకుని అక్షరాన్ని ఇంటి పేరుగా భావించేవారూ లేకపోలేదు.

భారతీయ బజారులో ఈ ఆకారానికి చైనా నీడ ఒకటుంది. షాంఘైలో తయారైన హీరో పెన్నులు పార్కర్ 51ను చూసి అచ్చు గుద్దినట్టు చేసినవే. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులపై ఆంక్షలున్న దశాబ్దాల్లో విదేశీ పెన్ను జేబుకు అలంకారం. చాలామంది మధ్యతరగతి విద్యార్థులకు హీరోయే అందుబాటులో ఉన్న విదేశీ పెన్ను. మూత మీద చైనా అక్షరాలో, 'హీరో' అన్న పేరో ఉంటే చిక్కే లేదు. మూత పోయి మరో మూత వచ్చి చేరితేనే గొడవ. హీరో ఎంత అమ్ముడయిందంటే దాని 616 రకానికి కూడా నకిలీలు వచ్చాయి. నకలుకు నకలు పుట్టిన అరుదైన ఉదాహరణ ఇది.

పాళీ ముసుగులో ఉండటం మోసగాడికి అనుకూలం, ఎందుకంటే అది బంగారమో కాదో పైకి తెలియదు. తెలిసినా తొందరపడకూడదు. మామూలు 51కు 14 కారెట్ల బంగారు పాళీ ఉంటుంది. కానీ తర్వాత వచ్చిన '51 స్పెషల్'కు ఆక్టానియం అనే ఎనిమిది లోహాల మిశ్రమంతో తెల్లటి పాళీ పెట్టారు. పాళీ తెల్లగా ఉందని దాన్ని చైనా సరుకు కింద జమకట్టి ఇచ్చేసినవాడు నిజమైన పార్కర్‌ను పోగొట్టుకున్నట్టే. మరో చిక్కు 2021లో వచ్చింది. పార్కర్ అదే పేరుతో, దాదాపు అదే ఆకారంతో 51ను మళ్లీ విడుదల చేసింది. ఈ కొత్తదాని మూత స్క్రూ తిప్పితే వస్తుంది. మూత తీసిన తీరుతోనే 70 ఏళ్ల తేడా తెలిసిపోతుంది.

సిరా తిత్తి, మారుపాళీ

మూడో పెన్ను, మీట ఉన్నది, 1910ల నుంచి 1950ల దాకా వాటర్‌మన్, షెఫర్, స్వాన్, బ్లాక్‌బర్డ్, కాన్వే స్టూవర్ట్ వంటి ఎన్నో కంపెనీలు చేసిన రకం. మీట ఎత్తితే లోపలి పట్టీ రబ్బరు తిత్తిని నొక్కుతుంది, వదిలితే సిరా పీల్చుకుంటుంది. దశాబ్దాల తర్వాత ఆ తిత్తి ఎండి పెంకులా మారిపోతుంది. బలవంతంగా మీట ఎత్తితే విరిగేది మీటే. వాటర్‌మన్ పాత పెన్నులపై ఉండే అంకెలను కూడబలుక్కుని చదవొచ్చు. 52 అంటే 5 మీట రకానికి, 2 పాళీ సైజుకు గుర్తు. అందులో పెద్ద ఆరో నంబరు పాళీ కనపడితే ఏదో మారిందన్నమాట.

ఎక్కువగా మారేది పాళీయే. కంపెనీ పేరు లేకుండా ఇంగ్లీషులో 'వారంటెడ్ 14 కారెట్' అని మాత్రమే ఉన్న పాళీ నిజంగా బంగారమే కావచ్చు, కానీ ఆ పెన్నుతో పుట్టింది కాకపోవచ్చు. అలాంటివి చవక పెన్నులకూ, మరమ్మతులకూ విడిగా అమ్మేవారు. 'ఇరిడియం పాయింట్ జర్మనీ' అన్న ముద్ర గురించి అయితే ఒకటే మాట. అది పెన్ను జర్మనీది అనడానికి రుజువు కాదు. ఆ కొసలో ఇరిడియం ఉందనడానికి కూడా కాదు. బంగారం మెత్తన కాబట్టి కాగితానికి తగిలేచోట గట్టి లోహపు గుండును అతికిస్తారు. అది అరిగిపోతే ఎంత మంచి పాళీ అయినా ధర తూకానికి పడిపోతుంది. బంగారమో కాదో తేల్చుకోవడానికి కంసాలి దగ్గరికి పరుగెత్తి గీటురాయి మీద గీయించడం మన వాళ్ల అలవాటు. నగకు పనికొచ్చే పద్ధతి పాళీకి మచ్చ తెస్తుంది. అయస్కాంతం హాని చేయదు కానీ సగమే చెబుతుంది. అంటుకుంటే బంగారం కాదు. అంటుకోనంత మాత్రాన బంగారమని కాదు, కొన్ని స్టీళ్లూ అంటుకోవు.

ఇలా అక్కడిదో ముక్క, ఇక్కడిదో ముక్క కలిపిన దాన్ని విదేశీ కలెక్టర్లు ఫ్రాంకెన్‌స్టైన్ పేరు కలిపి 'ఫ్రాంకెన్‌పెన్' అంటారు. వాళ్లకది తిట్టు. మన దగ్గర ఆ మాటను కాస్త ఆచితూచి వాడాలి. బజారులో గొడుగులు, గడియారాల పక్కన బల్ల వేసుకుని పెన్నులు బాగుచేసినవారు పెన్ను రాయడానికే మార్చారు గానీ ఎవరినీ మోసగించడానికి కాదు. విరిగిన క్లిప్పు స్థానంలో దొరికిన క్లిప్పు పెట్టారు, పోయిన పాళీ స్థానంలో సరిపోయే పాళీ పెట్టారు. 40 ఏళ్లు రాసిన పెన్ను అలాగే ఉంటుంది. మారిన సంగతి చెప్పి అమ్మితే అది మరమ్మతు. దాచి అమ్మితేనే మోసం.

గోదావరి గట్టున తేదీల్లేవు

ఇక అసలు చిక్కు నల్ల పెన్నుతో. గొట్టాన్ని రుద్దితే గంధకం వాసన వస్తోంది. తిత్తి లేదు, మీట లేదు, ఇంకు ఫిల్లరుతో నేరుగా గొట్టంలోకి సిరా పోయాల్సిందే. ఇంగ్లండులోనో, అమెరికాలోనో అచ్చయిన పెన్నుల పుస్తకం తిరగేస్తే సమాధానం వెంటనే దొరుకుతుంది: ఎబొనైట్, సిరా పోసుకునే రకం, కాబట్టి 1915కు ముందుది. అక్కడ ఆ లెక్క సరైనదే. మీట వచ్చాక సిరా పోసుకునే పెన్నులు, సెల్యులాయిడ్ వచ్చాక ఎబొనైట్ పెన్నులు ఆ దేశాల్లో వెనకబడ్డాయి.

ఆంధ్రలో, మద్రాసులో, హైదరాబాద్‌లో ఆ రెండూ ఎప్పుడూ ఆగలేదు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద బిగించి, చేత్తో ఉలి పట్టి చెక్కి, మరలు కోసి, మెరుగుపెట్టి, సిరా పోసుకునే పెన్ను చేయడం ఈ ప్రాంతంలో నేటికీ బతికున్న పని. అంటే వందేళ్ల పెన్నుకు ఉన్న లక్షణాలన్నీ పోయిన నెలలో చేసిన పెన్నుకూ ఉంటాయి. విదేశీ పుస్తకాన్ని నమ్మి నల్ల పెన్నుకు తేదీ వేస్తే 60, 70 ఏళ్లు తప్పడం పెద్ద విశేషమేమీ కాదు. ఆ తప్పు ఎప్పుడూ ధర పెరిగేవైపే జరుగుతుందన్నది గమనించాల్సిన విషయం.

రాజమండ్రికి ఈ పేరు తెచ్చింది కోసూరి వెంకటరత్నం. 1921లో గాంధీజీని కలిసినప్పుడు సామాన్యుడికి పనికొచ్చే వస్తువేదైనా స్వదేశంలో తయారు చేయమని ఆయన చెప్పారని, పెన్ను ఆలోచన అలా పుట్టిందని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. రత్నం పెన్ వర్క్స్ మొదలైంది 1932లో. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం బాధ్యతలు చూస్తున్న జె.సి. కుమారప్ప ద్వారా రత్నం తన పెన్ను గాంధీజీకి పంపారు. 1935 జులై 16న గాంధీజీ కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశారు. తాను దాన్ని వాడి చూశానని, బజారులో కనపడే విదేశీ పెన్నులకు ఇది మంచి ప్రత్యామ్నాయంలా ఉందని అందులో పేర్కొన్నారు. స్వదేశీ పరిశ్రమకు అంతకు మించిన యోగ్యతాపత్రం ఆ రోజుల్లో లేదు. 2019లో ప్రధాని నరేంద్ర మోదీ జర్మనీ చాన్సలర్ ఏంజెలా మెర్కెల్‌కు రత్నం పెన్ను బహూకరించింది ఈ చరిత్ర వల్లే.

అయితే ఆ ఉత్తరం ఏం రుజువు చేస్తుంది? ఒక పెన్ను వార్ధా చేరిందని, గాంధీజీకి నచ్చిందని. సోనారి బీరువాలోని పెన్ను గురించి అది ఒక్క ముక్కా చెప్పదు. 'గాంధీ పెన్ను' అనే మాటను మూడు అర్థాల్లో వాడుతున్నారు: గాంధీజీ చేతిలో ఉన్న పెన్ను, ఆయనకు పంపిన రకం పెన్ను, ఆయనకు పెన్ను పంపిన సంస్థ చేసిన పెన్ను. మూడోదానికి మొదటిదాని ధర అడగడంతోనే బేరం దారి తప్పుతుంది. 2009 మార్చిలో న్యూయార్క్ వేలంలో గాంధీజీ కళ్లద్దాలు, జేబు గడియారం, చెప్పులు, గిన్నె, పళ్లెం 18 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. అక్కడ విలువ వచ్చింది వస్తువుల పనితనానికి కాదు, అవి ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి వచ్చాయో చెప్పే గొలుసుకు. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగిలేది పాత గడియారం.

అదే ఏడాది పెన్నుల ప్రపంచంలో మరో తమాషా జరిగింది. జర్మన్ కంపెనీ మోంట్‌బ్లాంక్, దండి యాత్ర దూరమైన 241 మైళ్లకు గుర్తుగా 241 'మహాత్మా గాంధీ' పెన్నులు చేసి, ఒక్కోటి 11 లక్షల రూపాయలకు పైగా ధరకు విడుదల చేసింది. జాతీయ నాయకుల పేర్లను వ్యాపారానికి వాడకూడదన్న చట్టం ఆధారంగా కోర్టులో వివాదం రేగడంతో 2010లో భారత్‌లో అమ్మకం నిలిపివేసింది. విచిత్రంగా, గాంధీజీతో ఏ సంబంధమూ లేని ఆ పెన్నునే అసలుదో నకిలీదో తేల్చడం సులువు. లెక్కపెట్టి చేసినవి కనుక దేని సంఖ్య దానిదే. ఆయన నిజంగా వాడి మెచ్చుకున్న సంస్థ పాత పెన్నులకు ఆ సదుపాయం లేదు.

పేరొక్కటే చాలదు

నల్ల పెన్ను గొట్టం మీద 'రత్నం' అని కనపడినంత మాత్రాన పని పూర్తి కాదు. వ్యవస్థాపకుడి కుటుంబం నుంచే రత్నం, రత్నంసన్ అనే రెండు పేర్లు వచ్చాయి. రెండింటికీ ఆ వారసత్వం ఉంది, రెండింటికీ విదేశాల్లో అభిమానులున్నారు. అరిగిపోయిన అక్షరాల్లో చివరి మూడు కనపడకపోతే ఒకదాన్ని మరొకటి అనుకోవడం సహజం. తర్వాతి పేరును ముందరి కాలానికి తీసుకెళ్లడమూ సహజమే. అదే ఊళ్లో గైడర్ పెన్నులు తయారయ్యాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న దక్కన్ పెన్ స్టోర్స్ 'అడ్వొకేట్' పేరుతో అమ్మిన లావుపాటి పెన్నులకు నేడు ప్రత్యేక గిరాకీ ఉంది. వీటి ఆకారాలు ఒకదానికొకటి దగ్గర. పేరు చెరిగిపోయిన నల్ల పెన్ను ఏ లేత్ మీద పుట్టిందో ఆకారం చూసి చెప్పేస్తామనేవారి మాటను కొంత తగ్గించి వినాలి.

పాళీ కూడా సాక్ష్యం చెప్పదు. ఇలాంటి పెన్నులు చేసేవారిలో చాలామంది పాళీని బయట నుంచి తెచ్చి బిగిస్తారు. జర్మనీదైనా, కాన్పూర్‌దైనా అది పెన్నుకు అద్దెకొచ్చినట్టే. 1950ల నాటి పాళీని నిన్నటి గొట్టానికి తొడగడానికి అర నిమిషం చాలు. కొంతలో కొంత నమ్మదగింది మర. చేత్తో కోసిన మరలు ఏ పెన్నుకా పెన్నువే కావడంతో, వేరే పెన్ను మూత తెచ్చి పెడితే ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకోవడమో, ఓ పక్కకు ఒరగడమో జరుగుతుంది. మూత, గొట్టం ఒక్కటై పుట్టాయా లేదా అన్నది దీనితో తెలుస్తుంది. ఎప్పుడు పుట్టాయన్నది మాత్రం తెలియదు.

ఆ చివరి ప్రశ్నకు జవాబు తరచూ పెన్నులో కాక, దాన్ని చుట్టిన కాగితంలో దొరుకుతుంది. డబ్బా, బిల్లు, వాడే విధానం రాసిన చీటీ, పోస్టులో వచ్చి ఉంటే ఆ కవరు. రాజకీయ చరిత్ర పెన్నుల కలెక్టరుకు అక్కరకొచ్చేది ఇక్కడే. బిల్లులో అణాలుంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందు మాట కావచ్చు. ఆ రోజు నుంచే దశాంశ నాణేలు వచ్చాయి. 'నయా పైసలు' అని ఉంటే 1957, 1964 మధ్యది, ఆ తర్వాత 'నయా' రాలిపోయింది. చిరునామాలో మద్రాసు రాష్ట్రం ఉంటే 1953 అక్టోబరుకు ముందు, ఆంధ్ర ప్రదేశ్ ఉంటే 1956 నవంబరు తర్వాత. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానే కాదు. వ్యాట్ నంబరు ఉంటే 2005 తర్వాత, జీఎస్టీ నంబరు ఉంటే 2017 జులై తర్వాత. ఊరి పేరు రాజమండ్రి కాకుండా రాజమహేంద్రవరమని అచ్చయితే 2015 తర్వాతిది అనుకోవచ్చు గానీ గట్టిగా చెప్పలేం, ఆ పాత పేరును ఇష్టంగా వాడినవారు అంతకు ముందూ ఉన్నారు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. కాగితం మీద ఉన్నది రుజువు, లేనిది ఊహ మాత్రమే. పిన్‌కోడ్ ఉంటే అది 1972 తర్వాతిది. లేదంటే ముందుదని చెప్పలేం. మన దుకాణాలు అచ్చు వేయించిన పుస్తకం అయిపోయేదాకా పాత బిల్లులే వాడతాయి. ఇంకో ప్రమాదం, డబ్బాకు పెన్ను, పెన్నుకు డబ్బా ఎక్కడెక్కడి నుంచో తెచ్చి జత కట్టడం. ఖాళీ పాత డబ్బాలకు విడిగా గిరాకీ ఉండేది అందుకే. డబ్బాలోని గుంటలో పెన్ను సరిగ్గా కూర్చుంటోందా, ఆ గుడ్డ మీద పెన్ను ఆకారం ఏళ్ల తరబడి పడిన మచ్చలా కనపడుతోందా అన్నది చూడటం మంచిది. మచ్చను అచ్చు వేయడం కష్టం.

పేరు చెక్కించుకోవడం మన పెన్ను దుకాణాల్లో పాత మర్యాద. గొట్టం మీద యజమాని పేరు, ఒక్కోసారి ఉద్యోగం, ఊరు చెక్కి అందులో రంగు నింపి ఇచ్చేవారు. విదేశీ కలెక్టర్లు ఇలాంటి పెన్నుకు ధర తగ్గిస్తారు, ఎవరి పేరో ఉన్న వస్తువు వాళ్లకు మచ్చపడినట్టు. తేదీలు లేని తెలుగు పెన్నుకు ఈ లెక్క వర్తింపజేయడం తెలివితక్కువ పని. ఆ పేరు ఉన్న మనిషి ఎప్పుడు ఉద్యోగంలో చేరారో, ఎప్పుడు రిటైరయ్యారో ఇంట్లోవారికి తెలుస్తుంది. సర్వీసు కాగితాలు, పాత ఫొటోలో జేబులోంచి తొంగిచూస్తున్న క్లిప్పు, సంతకాల్లో గీత మందం, ఇవన్నీ కలిస్తే కంపెనీ కోడ్‌కు దగ్గరగా వెళ్లొచ్చు. సోనారి నల్ల పెన్నుకు నిజంగా విలువ తెచ్చేది గాంధీజీ పేరు కాదు, దాని మీద చెక్కిన తాత పేరు. తళతళలాడాలని మెరుగుపెట్టిస్తే ముందు చెరిగేదీ అదే.

పాత పెన్నుల కొనుగోలు ఇప్పుడు ఎక్కువగా ఫొటోలు చూసే జరుగుతుంది. వాసన చూడటానికి, మర తిప్పడానికి వీలుండదు. అనుభవజ్ఞులు అడిగేది ఐదారు ఫొటోలు: పాళీ పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కింది నాలుక, మూత విప్పిన మరలు, పక్కవెలుగులో గొట్టం అక్షరాలు, ఉంటే డబ్బా లోపలి భాగం. వీటిని పంపడానికి నసిగే అమ్మకందారు చెప్పే కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్తపడటం మేలు.

రాజమండ్రిలో లేత్‌లు తిరుగుతూనే ఉన్నాయి. నేడు అక్కడ ఎబొనైట్ పెన్ను కొని ఇంటికి తెచ్చుకునేవారికి 50 ఏళ్ల తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఇదే. చేతిపని పెన్ను మీద ఏ సంవత్సరమూ ఉండదు. తేదీ ఉండేది జీఎస్టీ బిల్లులోనే. ఆ బిల్లును యంత్రం వేడి తగిలితే నల్లబడే కాగితం మీద అచ్చు వేసి ఇస్తే, ఫొటోకాపీ తీయించి దాచుకోని పక్షంలో, నాలుగైదేళ్లకే అక్షరాలు మాయమై తెల్లకాగితం మిగులుతుంది.